జిహాద్ అన్న మాట - ఫైలు మొదటి కాగితం నుంచి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కూడుకుంటాం. కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, పెన్షను సవరణ - వీటి గురించి మాట్లాడుకుంటాం. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను మాత్రం కార్యదర్శి గారిని బతిమాలి వేరే విషయం తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ముందు చెబుతాను.

గత నెల లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళాను. వరండాలో బల్ల మీద ఆరేడుగురం కూర్చున్నాం. ఒకాయన చేతిలో పేపరు ఉంది. అందులో ఉగ్రవాదుల వార్త ఏదో వచ్చింది. ఆయన చదివి, పేపరు మడిచి, "వాళ్ళ మతంలోనే ఉందండీ అది. జిహాద్ అంటే ఇంకేమిటి, మనలాంటి వాళ్ళను చంపడమే కదా" అన్నారు. ఇద్దరు తల ఊపారు. ఇంకొకరు తమ వంతు నాలుగు మాటలు కలిపారు. బల్ల చివర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్ల గడ్డం, తల మీద టోపీ. వేరే శాఖలో పనిచేసి నాకంటే ముందే రిటైరైన మనిషి. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కాగితాలు సంచిలో పెట్టుకుని, "ఇవాళ రద్దీగా ఉంది, రేపు వస్తాలెండి" అని లేచి వెళ్ళిపోయారు. నిజానికి ఆయన ముందు ఇద్దరే ఉన్నారు.

నేనూ నోరు మెదపలేదు. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు. ఆ రోజు అనవలసిన మాటలు ఈ రోజు అంటున్నానని అనుకోండి.

నేను 37 ఏళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా బతికినవాణ్ణి. పండితుణ్ణి కాను, అరబ్బీ రాదు. కానీ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా సూపరింటెండెంటు గారు ఒక పాఠం నేర్పారు. ఫైలులో ఆఖరి కాగితం చూసి నోటు రాయవద్దు, మొదటి కాగితం నుంచి చదువు, ఎవరు ఎవరికి ఏ సందర్భంలో రాశారో చూడు అనేవారు. జిహాద్ విషయంలో మనలో చాలామందిమి ఆఖరి కాగితం మాత్రమే చూశాం. ఆ కాగితం మీద నెత్తురు ఉంది, కాదనను. కానీ ఫైలు అక్కడ మొదలు కాలేదు.

మొదటి కాగితం ఆ మాటే. మా ఆఫీసులో రికార్డు రూము చూసే మిత్రుడొకరు ఉండేవారు. నిజాం కాలపు ఉర్దూ రికార్డులు చదవగలిగినవారు ఆఫీసు మొత్తానికి ఆయనొక్కరే. మేమందరం ఆయన్ను "సాబ్" అనే పిలిచేవాళ్ళం. ఒకసారి మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన నాతో అన్నారు - "భాయ్ సాబ్, మీరు రోజూ అరబ్బీ మాట్లాడుతూనే అరబ్బీ రాదంటారేమిటి? తహసీలు, హాజరు, జప్తు, ఖరారు, తకరారు - ఇవన్నీ ఎక్కడివనుకున్నారు?" ఆయనే చెప్పారు, తకరారు అంటే అరబ్బీలో మళ్ళీ మళ్ళీ చెప్పడమట. మన దగ్గరికి వచ్చేసరికి జగడమై కూర్చుంది. మాట ఊరు మారితే అర్థం మారుతుంది. జిహాద్ కూడా అలాగే మారిపోయింది.

అరబ్బీలో దాని మూలానికి అర్థం పాటుపడటం, శక్తినంతా కూడదీసుకుని శ్రమించడం. మీలో ఉద్యోగ సంఘాల్లో తిరిగినవారికి "జద్దో జహద్" అన్న మాట గుర్తుండే ఉంటుంది. సమ్మె రోజుల్లో మన ఉర్దూ మిత్రులు గేటు మీటింగుల్లో ఈ మాట అంటే మనమూ చప్పట్లు కొట్టాం. పోరాటం, పట్టుదలతో చేసే ప్రయత్నం అని దాని అర్థం. ఆ జహద్, ఈ జిహాద్ ఒకే వేరు నుంచి వచ్చినవి. అప్పుడు మనకెవరికీ భయం వేయలేదు.

ఇక రెండో కాగితం ఖురాన్. మన తెలుగువారికి ఇది అందని గ్రంథమేమీ కాదు. చిలుకూరి నారాయణరావు గారు 1920లలోనే దాన్ని తెలుగులోకి తెచ్చారు. తర్వాత మరికొన్ని అనువాదాలు వచ్చాయి. రిటైరయ్యాక నాకు తీరిక దొరికింది. ఒక తెలుగు అనువాదం తెచ్చుకుని, పక్కన నోటు పుస్తకం పెట్టుకుని చదివాను. నాకు విస్మయం కలిగించినవి మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది. 25వ అధ్యాయంలో ప్రవక్తను ఖురాన్ బోధతోనే గొప్ప జిహాద్ చేయమన్న వాక్యం ఉంది. అది మక్కాలో ఉన్న కాలపు అధ్యాయం. అప్పటికి ముస్లింలు పిడికెడు మంది, ఎదురు దెబ్బ కొట్టడానికి వారికింకా అనుమతి లేదు. అంటే అక్కడ జిహాద్ కత్తితో కాదు, మాటతో, ఓర్పుతో.

రెండోది. 31వ అధ్యాయం 15వ వాక్యం. తల్లిదండ్రులు బిడ్డను వేరే దైవాలను కొలవమని పట్టుబట్టి ఒత్తిడి చేస్తే ఏం చేయాలన్నది అక్కడి ప్రశ్న. ఆ విషయంలో వారి మాట వినవద్దు, అయినా ఈ లోకంలో వారితో మంచిగా మెలగు అని జవాబు. ఇందులో వింత ఏమిటంటే, ఆ తల్లిదండ్రులు చేసే ఒత్తిడికి వాడిన క్రియ జిహాద్ కుటుంబంలోనిదే. విగ్రహారాధకులైన అమ్మానాన్నలు కొడుకు మీద చేసే పట్టుదలకు కూడా ఖురాన్ ఆ మాటే వాడింది. ఇక ఆ మాటకు ఇతరులను చంపడమని అర్థం ఎలా చెబుతాం?

మూడోది. యుద్ధానికి ఖురాన్‌లో వేరే మాటే ఉంది. దాన్ని ఖితాల్ అంటారు. జిహాద్ పెద్ద గొడుగు. దాని కింద దానం చేయడం, చదువు చెప్పడం, మనసును అదుపులో పెట్టుకోవడం, అవసరమైనప్పుడు ఆయుధం పట్టడం అన్నీ వస్తాయి. అన్నిటినీ వదిలేసి ఆఖరుదాన్ని ఒక్కదాన్నే గొడుగు అనుకుంటున్నాం.

మూడో కాగితం ప్రవక్త మాటలు, చేతలు. వాటిని హదీసులంటారు. అందులో ఒకటి మన వయసువారు తప్పక తెలుసుకోవలసింది. ఒక యువకుడు ప్రవక్త దగ్గరికి వచ్చి జిహాద్‌కు, అంటే యుద్ధానికే, వెళ్ళడానికి అనుమతి అడిగాడట. నీ తల్లిదండ్రులు బతికి ఉన్నారా అని ఆయన అడిగారు. ఉన్నారన్నాడు. అయితే వెళ్ళి వాళ్ళ సేవలో జిహాద్ చేయమని వెనక్కి పంపారు. ముస్లింలు అత్యంత ప్రామాణికాలుగా భావించే బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఇది ఉంది. అన్యాయపు పాలకుడి ఎదుట నిలబడి న్యాయం మాట్లాడటం అన్నిటికంటే మేలైన జిహాద్ అని మరో హదీసు సారాంశం.

ఇక్కడ గుమాస్తాగా ఒక నిజం ఒప్పుకోవాలి. మనసుతో చేసే పోరాటమే పెద్ద జిహాద్, కత్తితో చేసేది చిన్న జిహాద్ అని ప్రవక్త అన్నట్టు ఒక మాట తరచూ వింటాం. సూఫీలు దాన్ని ఎంతో ప్రేమగా చెబుతారు. కానీ దాని ఆధారం బలహీనమని హదీసు పండితులే అన్నారు. కనుక దాన్ని నేను సాక్ష్యంగా దాఖలు చేయడం లేదు. అది లేకపోయినా కేసు నిలుస్తుంది.

అయితే ఇస్లాంలో యుద్ధమే లేదా అని మీరడగవచ్చు. ఉంది. లేదని చెబితే నేను ఫైలులో కాగితం చించినట్టే. 622లో ప్రవక్త మక్కా వదిలి మదీనా చేరారు. ఇళ్ళు వాకిళ్ళు పోగొట్టుకున్న తర్వాత యుద్ధానికి అనుమతి వచ్చింది. 22వ అధ్యాయం 39, 40 వాక్యాల్లో ఆ అనుమతీ ఉంది, కారణమూ ఉంది. అలా అడ్డుకోకపోతే మఠాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాలు, మసీదులు అన్నీ కూలిపోయేవన్నది అక్కడి భావం. మసీదుల కంటే ముందు ఇతరుల ప్రార్థనాలయాలను పేర్కొన్నారు. మీతో పోరాడేవారితోనే పోరాడండి, హద్దు మీరకండి అన్న షరతు 2వ అధ్యాయం 190వ వాక్యంలో ఉంది.

మరి తొమ్మిదో అధ్యాయం అయిదో వాక్యం సంగతేమిటి అంటారు. విగ్రహారాధకులను దొరికినచోట చంపమని ఉంది కదా అంటారు. దాన్ని నేనూ చదివాను. మనలో జీవోలు తెలియనివారు లేరు. ఒక జీవోలో ఉపోద్ఘాతం వదిలేసి, మినహాయింపుల పేరా వదిలేసి, మధ్య పేరా ఒక్కటే చూపించి బిల్లు పెడితే ట్రెజరీలో ఆబ్జెక్షను వేయరా? నాలుగో వాక్యంలో, చేసుకున్న ఒప్పందం నిలుపుకున్న విగ్రహారాధకుల జోలికి పోవద్దని, గడువు తీరేదాకా ఒప్పందాన్ని గౌరవించాలని ఉంది. ఆరో వాక్యంలో, వారిలో ఎవరైనా ఆశ్రయం కోరితే ఇవ్వాలని, క్షేమంగా ఉండే చోటికి చేర్చాలని ఉంది. ఆ వాక్యం ఒప్పందాలు తెంచుకుని యుద్ధానికి దిగిన ఆనాటి అరబ్బు తెగల గురించి. పైన మినహాయింపు, కింద రక్షణ. మధ్యదాన్ని చింపి పట్టుకుపోయినవారు ఇద్దరున్నారు. ఒకరు ఉగ్రవాది, ఇంకొకరు ఇస్లామంటే ఉగ్రవాదమే అనేవారు. ఇద్దరూ ఒకే పేరా చదివారు. అది నాకు చాలా విచిత్రంగా తోచింది.

ప్రవక్త తర్వాత మొదటి ఖలీఫా అబూబక్ర్ సిరియాకు సైన్యాన్ని పంపుతూ చెప్పిన నియమాలు చరిత్రలో ఉన్నాయి. ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను చంపకూడదు. పండ్ల చెట్లు నరకకూడదు. మఠాల్లో ఉండే సన్యాసుల జోలికి పోకూడదు. ద్రోహం చేయకూడదు. తర్వాతి రాజులు, సుల్తానులు ఈ నియమాలన్నీ పాటించారని నేను చెప్పను. రాజ్యం పెంచుకోవడానికి జిహాద్ పేరు వాడుకున్నవారున్నారు. దానికి తగ్గట్టు రాసిపెట్టిన పండితులూ ఉన్నారు. కానీ నియమం వేరు, నియమాన్ని తప్పినవాడు వేరు.

మనకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. మహాభారతంలో ధర్మయుద్ధం ఉంది, సౌప్తిక పర్వమూ ఉంది. అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో దూరి నిద్రపోతున్న ద్రౌపది బిడ్డలను చంపాడు. తండ్రి మరణానికి పగ అన్నాడు. ఆయన చేతిలో ఆయుధం ఉంది, నోట్లో కారణం ఉంది. అయినా దాన్ని ధర్మయుద్ధమని మన తాతముత్తాతలు ఎవరూ అనలేదు. పాపమనే అన్నారు. నిద్రపోయేవాణ్ణి చంపినవాడు మన కథలో శాపగ్రస్తుడు. చాట్ తినేవాణ్ణి చంపినవాడు వాళ్ళ ధర్మంలో వీరుడు ఎలా అవుతాడు?

చాట్ మాట ఎత్తాను కాబట్టి 2007 సంగతికి వస్తాను. ఆ ఏడాది ఆగస్టు 25న హైదరాబాదులో కోఠి గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలాయి. 40 మందికి పైగా చనిపోయారు. ఇండియన్ ముజాహిదీన్ అనే ముఠా పని అని తేలింది. 2018లో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం విధించింది. ముజాహిదీన్ అంటే జిహాద్ చేసేవారు. పేరు వాళ్ళు పెట్టుకున్నదే. నేను వాళ్ళను వెనకేసుకు రావడానికి రాలేదు. శిక్ష పడవలసిందే.

కానీ అదే ఏడాది మే 18న, శుక్రవారం ప్రార్థన వేళ, మక్కా మసీదులోనూ బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్ళు చనిపోయారు. మొదట అనుమానంతో పట్టుకున్న ముస్లిం యువకుల మీద నేరం నిలవలేదు. తర్వాత వేరేవారి మీద నడిచిన కేసులోనూ విచారణ ఎదుర్కొన్న అయిదుగురిని 2018 ఏప్రిల్‌లో కోర్టు నిర్దోషులుగా వదిలింది. చనిపోయినవారి ఇళ్ళకు ఈ రోజుకీ జవాబు లేదు. ఉగ్రవాదానికి బలి అయ్యేది మనమే అనుకుంటాం. వాళ్ళూ బలి అవుతారని గుర్తుండదు.

మన ఊరు దాటి చూడండి. 2014 డిసెంబరు 16న పెషావరులో సైనిక పాఠశాల మీద తాలిబన్లు దాడి చేస్తే 130 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందరూ దాదాపు ముస్లిం బిడ్డలే. 2017 నవంబరులో ఈజిప్టులోని సినాయిలో శుక్రవారం ప్రార్థనలో ఉన్న 300 మందికి పైగా జనాన్ని మసీదులోనే కాల్చి చంపారు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మతం అడిగి మరీ కాల్చారని బతికి బయటపడ్డవాళ్ళు చెబుతుంటే నా రక్తం మరిగింది. ఆ 26 మందిలో ఒకరు అక్కడి గుర్రాలు నడుపుకునే ముస్లిం యువకుడు. యాత్రికులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ రోజు ఆ మైదానంలో పాటుపడినవాడెవరో, ద్రోహం చేసినవాళ్ళెవరో మీరే చెప్పండి.

మరి వాళ్ళ పెద్దలు ఖండించరేమని అడుగుతారు. ఖండించారు. మనం వినలేదు. 2008 ఫిబ్రవరిలో దేవబంద్‌లో వేలాది ఉలమాలు కూడి ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించారు. అదే ఏడాది నవంబరులో మన హైదరాబాదులోనే జమియత్ ఉలమా-ఎ-హింద్ మహాసభ ఉగ్రవాదానికి వ్యతిరేకంగా ఇచ్చిన ఫత్వాను బలపరిచింది. ఆ నెలాఖరునే ముంబాయి మీద దాడి జరిగింది. చచ్చిన తొమ్మిది మంది ఉగ్రవాదులను తమ శ్మశానంలో పూడ్చనివ్వబోమని ముంబాయి ముస్లిం పెద్దలు తెగేసి చెప్పారు. శత్రువుకైనా ఆరడుగుల నేల ఇచ్చే సంప్రదాయంలో అంతకన్న పెద్ద ఖండన ఏముంటుంది? 2014లో ఐసిస్ నాయకుడికి ప్రపంచంలోని 120 మందికి పైగా ముస్లిం పండితులు బహిరంగ లేఖ రాసి, నువ్వు చేసేది జిహాద్ కాదని ఒక్కొక్క అంశం విడమరచి చెప్పారు.

మిత్రులారా, మాటను దొంగిలించడం మన తెలంగాణకు కొత్త కాదు. రజాకార్ అంటే ఏమిటి? స్వచ్ఛందంగా సేవ చేసేవాడని అర్థం. ఉర్దూలో నేటికీ వలంటీరుకు అదే మాట. ఖాసిం రజ్వీ దండు ఆ మాటను ఎలా చేసిందంటే మన పల్లెల్లో ఏడ్చే పిల్లల్ని ఆ పేరు చెప్పి ఊరుకోబెట్టేవారు. నేను పోలీసు చర్య తర్వాత పుట్టినవాణ్ణి. మా నాన్న చెప్పేవారు, మా ఇల్లు రజాకార్లు తగలబెడితే కుటుంబమంతా జొన్న చేలో రెండు రాత్రులు దాక్కున్నారని. ఆ నాన్నే ఏటా పీర్ల పండగకు మలీద కట్టి నన్ను భుజాన ఎక్కించుకుని గుండం దగ్గరికి తీసుకెళ్ళేవారు. ఒకసారి నేనడిగాను, వాళ్ళు మన ఇల్లు కాల్చారు కదా అని. "కాల్చినవాడి పేరు నాకు తెలుసురా. వాడి తప్పు ఊరందరికీ పంచలేను" అన్నారు.

ఆ రజాకార్లే 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నరికి చంపారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు ఆయన చేయి కూడా నరికారు. అన్యాయపు పాలకుడి ఎదుట న్యాయం మాట్లాడటం గురించి ఇందాక చెప్పానే, అది ఆయన చేసింది. పోలీసు చర్య తర్వాత మరొక ఘోరం జరిగింది. రజాకార్ల పాపాన్ని ఏ పాపమెరుగని ముస్లింల మీద వేసి, ముఖ్యంగా నిజాం రాజ్యపు పడమటి జిల్లాల్లో ఊచకోత కోశారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. కొందరి తప్పు అందరికీ పంచితే వచ్చే లెక్క అది.

ఇక చివరికి చెబుతానన్నది ఒకటి ఉంది. చెప్పడం కష్టంగా ఉంది.

నేను 2007లోనే రిటైరయ్యాను. ఆగస్టు 25 సాయంత్రం మా అమ్మాయి కోఠిలో ఉంది. బాంబు పేలడానికి అరగంట ముందు గోకుల్ చాట్ ముందు నుంచే నడిచి వెళ్ళింది. రాత్రి పదిన్నర దాకా ఫోను కలవలేదు. ఆ మూడు గంటలు నేనూ మా ఇంటావిడా ఎలా గడిపామో దేవుడికే తెలుసు. అమ్మాయి క్షేమంగానే ఉంది. కానీ నా మనసులో ఏదో విషం చేరింది.

రెండు వారాలకు సాబ్ మా ఇంటికి వచ్చారు. 20 ఏళ్ళ స్నేహం మాది. ఆయన కొడుక్కి మా ఊళ్ళో కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. భార్య, చంటిబిడ్డ. మా మేడ మీద వాటా ఖాళీగా ఉందని విని అడగడానికి వచ్చారు. నేను తల వంచుకుని, "అయ్యో సాబ్, నిన్ననే మా బావమరిది వాళ్ళకు మాటిచ్చేశాను" అన్నాను. అది అబద్ధం. ఆయన టీ తాగి, "ఖైర్, ఫరవాలేదు భాయ్ సాబ్, ఇంకోచోట చూసుకుంటాడు" అని లేచారు. గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి పైకి చూశారు. టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. నేను దాన్ని తీయడం మరచిపోయాను. ఆయన ఏమీ అనకుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు.

అక్టోబరులో రంజాన్ వచ్చింది. ఎప్పటిలాగే ఆయన ఇంటి నుంచి షీర్ ఖుర్మా క్యారియరు వచ్చింది. మా ఇంటావిడ గిన్నెలు ఖాళీ చేస్తుంటే నేను ఆ గదిలో నిలబడలేకపోయాను.

మరుసటి ఏడాది ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన తల్లి పక్షవాతంతో మంచాన పడి ఉన్నారు. సాబ్ ఆమెకు గిన్నెతో జావ పడుతున్నారు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో హజ్‌కు వెళ్ళాలని ఆయన ఎంతో ఆశ పడ్డారు. ఎప్పుడు వెళ్తున్నారని అడిగాను. "అమ్మను వదిలి ఎక్కడికి పోతాను? అందరికీ ఏదో ఒక జిహాద్ రాసి ఉంటుంది. నాది ఈ మంచం" అన్నారు. తల్లిదండ్రుల సేవ గురించిన ఆ హదీసు నాకు మొదట చెప్పింది ఆ రోజు ఆయనే. ఆరేళ్ళు ఆ తల్లికి స్నానం చేయించి, పక్క మార్చి, మందులు వేశారు. ఒక్కనాడూ విసుక్కోగా నేను చూడలేదు.

2021లో కరోనా రెండో విడతలో సాబ్ పోయారు. ఆంక్షల వల్ల ఖబరస్తాన్ దాకా కూడా వెళ్ళలేకపోయాను. హజ్‌కూ వెళ్ళలేదాయన. నా అబద్ధానికి నేను క్షమాపణా అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు కాబట్టి మీ అందరి ముందు చెబుతున్నాను.

బాంబు పెట్టినవాళ్ళు గోకుల్ చాట్ దగ్గర మనుషులను చంపారు. వాళ్ళకు ఇంకొక కోరిక కూడా ఉండి ఉంటుంది, ఇరుగుపొరుగు ఒకరినొకరు చూసి భయపడాలని. ఆ రెండో పని మా గేటు దగ్గర నేనే చేసి పెట్టాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, కేసు పెట్టలేదు.

ఇంట్లో పిల్లలు, మనవలు జిహాద్ అంటే ఏమిటి తాతయ్యా అని అడిగితే ఏం చెప్పాలి? చంపడమని చెప్పకండి. ఆ అర్థం ఉగ్రవాది ఇచ్చింది, మనం దానికి సాక్షి సంతకం పెట్టనక్కరలేదు. పాటుపడటమని చెప్పండి. యుద్ధానికి కూడా ఆ మాట వాడతారని, దానికి కట్టుబాట్లు ఉన్నాయని, వాటిని తొక్కినవాళ్ళు నేరస్తులని చెప్పండి. నేరస్తుణ్ణి పేరు పెట్టి పిలవండి, వాడికి పడే శిక్షను సమర్థించండి. పక్కింటివాణ్ణి మాత్రం ఆ లెక్కలో చేర్చకండి.

నకారా తీర్పులో కోర్టు ఇంకొక మాట కూడా చెప్పింది. ఏదో ఒక తేదీని గీతగా గీసి, ఒకే తరగతికి చెందిన పెన్షనర్లను రెండుగా చీల్చడం న్యాయం కాదంది. ఆ తీర్పు వల్ల లాభం పొందిన మనం ట్రెజరీ బల్ల మీద కూర్చుని ఆ గీత గీయకూడదు కదా.

ఆ రోజు లేచి వెళ్ళిపోయిన పెద్దాయన మన సంఘ సభ్యులే. ఈ సభకు వస్తారేమోనని పొద్దుటి నుంచి వాకిలి వైపు చూస్తూనే ఉన్నాను. రాలేదు. రేపు సాయంత్రం కార్యదర్శి గారూ నేనూ వాళ్ళింటికి వెళ్తున్నాం. ఆ బల్ల మీద కూర్చున్న మిగతావారు కూడా ఈ హాలులోనే ఉన్నారు. ఎవరి పేరూ చెప్పను. ఆటోలో ఇంకా ఇద్దరికి చోటుంది.